చిన్న పెట్టెకు చల్లగాలి

పచ్చళ్లను గూర్చియు, కుట్టుపనులను గూర్చియు చదువుకొను ఈ పుటలలో, కంప్యూటరు పెట్టెలోని యొక చిన్న పనిముట్టును గూర్చి మేము వ్రాయబూనుట మీకు వింతగా తోచవచ్చును. కాని గత వైశాఖమాసమున ఆ పనిముట్టు మూలముగా మా యింట అత్తాకోడండ్రకు మాటలు కరవయ్యెను. మా కోడలి జీవనోపాధికే ముప్పు వాటిల్లెను. తుదకు ఎనుబదియారేండ్ల మా అత్తగారి నోట వెడలిన ఒక్కమాటతో అంతయు చక్కబడెను. అందుచే ఈ సంగతి మీతో చెప్పుకొనక యుండలేకపోతిమి.

మేముండునది కోనసీమ. అమలాపురమునకు కొంతదూరమున కాలువగట్టుననున్న పెంకుటిల్లు మాది. మావారి తాతగారు కట్టించిన మండువా లోగిలి. నడుమ ఆకాశము కనబడును; నాలుగువైపులనుండియు గాలి వచ్చును. ఇప్పుడందులో మా అత్తగారు, మావారు, మేము, మా కోడలు, నాలుగేండ్ల మనుమరాలు ఉన్నాము. మా అబ్బాయి కువైటులో నున్నాడు. అక్కడి పని నేడుండును, రేపుండునో లేదో తెలియదు. కావున కోడలి సంపాదన మా యింట పసుపుకుంకుమల ఖర్చు వంటిది కాదు. బియ్యపు ఖర్చు వంటిది.

ఆమె పని ఇండ్ల చిత్రములు తయారుచేయుట. హైదరాబాదులోని యొక నిర్మాణసంస్థవారు కొలతలు పంపుదురు. కట్టబోవు ఇల్లు కట్టినట్లే కనబడునట్లు, గోడలపై ఎండ పడినట్లు, నేలపై నీడ పడినట్లు, ఈమె కంప్యూటరున రూపొందించి పంపును. గీయుట పగటిపని. ఆ గీతలను నిజమైన బొమ్మగా మార్చుట యంత్రము పని. దానిని వారు రెండరు అందురు. ఒక్కొక్క బొమ్మకు ఐదేసి గంటలు యంత్రము ఊపిరి తిప్పుకొనక పనిచేయవలెను. అది రాత్రివేళ జరుగును.

ఇక ఆ యంత్రము చిన్నదిగా నుండవలసిన కారణము కలదు. కోడలి పుట్టినిల్లు రాజోలు. వియ్యంకులవారికి పక్షవాతము వచ్చి మూడేండ్లయినది. నెలకు పది దినములు ఆమె అక్కడ నుండి తండ్రికి సేవచేయవలెను. పనిమాత్రము మానరాదు. ఒడిలో పిల్ల, చేతిలో సంచి, ఆ సంచిలో కంప్యూటరు. బస్సులో ఇదియే ఆమె ప్రయాణము. అందుచే మదరుబోర్డులలో మినీ ఐటీఎక్స్ అను చిన్నరకమును కొనిరి. అది 17 సెంటీమీటర్ల చదరము. మన అప్పడములపీట కన్న చిన్నది. 2001లో వయా అను తైవాను కంపెనీవారు ఈ కొలతను ప్రవేశపెట్టిరి. తరువాత తక్కినవారందరును దాని ననుసరించిరి. అందులో రైజెన్ 5 5600జీ అను ప్రాసెసరు. ఇంతటి యంత్రము మొత్తము ఒక బొట్టుపెట్టెకు రెండింతలు మాత్రమే యుండును.

వచ్చిన చిక్కు అక్కడనే వచ్చినది. ఆ ప్రాసెసరు 65 వాట్ల దని పెట్టెమీద వ్రాసియున్నది. పూర్వము మన యిండ్ల వెలిగిన 60 వాట్ల బల్బు నెవరైన వట్టిచేత పట్టుకొన్నారా? అంత వేడి, తపాలాబిళ్ల కన్న చిన్నదగు చోట పుట్టుచున్నదని భావింపుడు. 1993లో వచ్చిన మొదటి పెంటియం ప్రాసెసరు ఇంచుమించు 15 వాట్లతో సరిపెట్టుకొన్నది. ఇప్పటివి అట్లు కావు. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసి గాలిలో కలిపివేయు పనిముట్టునకు కూలరని పేరు.

ఈ పేరు వినగానే మా అత్తగారు, "ఆ చిన్న పెట్టెకు కూలరేమిటే, నీళ్లెక్కడ పోస్తారు?" అని అడిగిరి. వారు గదిలో పెట్టుకొను నీళ్లకూలరనుకొనిరి. మేమందరము నవ్వితిమి కాని, వారి ప్రశ్నలో ఎంత అర్థమున్నదో తరువాత తెలిసినది. ఆ మాట ముందు చెప్పెదము.

ప్రాసెసరుతో ఉచితముగా నొక కూలరు వచ్చినది. 54 మిల్లీమీటర్ల యెత్తు. అల్యూమినియపు దిమ్మ, దానిపై నొక పంకా. మార్గశిరములో అది బాగుగనే యుండెను. వైశాఖము వచ్చినది. మన తీరప్రాంతపు ఉక్కపోత మీకు తెలియనిది కాదు. గదిలోనే 36 డిగ్రీలు. రాత్రి పదిగంటలకు రెండరు మొదలుపెట్టగానే పంకా తుమ్మెదవలె ఆరంభించి, కొంతసేపటికి పిండిమర వలె మ్రోగసాగెను. కంప్యూటరుండునది మా అత్తగారి గదిలో. కరెంటు పోయినను పనిచేయు ఇన్వర్టరు తీగ ఆ గదికే కలదు. పెద్దవారికి నిద్ర పట్టక, రాత్రియంతయు కూర్చుండి విసనకఱ్ఱతో విసురుకొనుచుండిరి.

నాలుగురాత్రులు చూచితిమి. ఐదవనాడు మేమే విసుగుతో, "నీ సంపాదన యెంతయో కాని, పెద్దావిడ ప్రాణము పోవునట్లున్నది. రాత్రులు ఆ యంత్రము కట్టివేయుము" అంటిమి. కోడలు ఎదురు చెప్పలేదు. కట్టివేసినది. ఆ వారమే హైదరాబాదునకు పంపవలసిన బొమ్మలు గడువు దాటిపోయెను. పగటిపూట నడిపినచో గది మరింత వేడి. ప్రాసెసరు 95 డిగ్రీలు చేరినచో తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. ఐదు గంటల పని ఎనిమిది గంటలయ్యెను. సంస్థవారు మర్యాదగనే వ్రాసిరి: ఇంకొకమారు ఆలస్యమైనచో పని వేరొకరి కిత్తుమనియు, లేనిచో హైదరాబాదునకే వచ్చి కార్యాలయమున చేయవచ్చుననియు. ఆ ఉత్తరము చదివి కోడలు మాతో నేమియు ననక, పిల్లకు అన్నము కలిపి పెట్టుచు కూర్చున్నది. ఆమె హైదరాబాదునకు పోయినచో పిల్లయు పోవును. రాజోలులోని తండ్రికి దిక్కెవరు? మేమన్న మాట మాకే ముల్లై గ్రుచ్చుకొన్నది.

అందుచే మంచి కూలరును కొనుట మా బాధ్యత యని తలచి, ఎదురింటి అబ్బాయిని సలహా అడిగితిమి. అతడు ఇంజనీరింగు చదువుచున్నాడు. పెద్దది కొనిన పెద్దచలువ యని అతని మతము. పట్టణములోని యొక దుకాణమునకు పోయి అడిగితిమి. దుకాణదారు గోపురమువంటి దానినొకదానిని చూపి, "ఇది వేశారంటే మంచుగడ్డేనండి, ఆయ్" అనెను. కొని తెచ్చితిమి. అది 155 మిల్లీమీటర్ల యెత్తు. మా పెట్టెమూత పడదు సరికదా, సగము కూడ లోపల పట్టలేదు. వెనుకకు తీసికొందురా యని అడుగగా సీలు తీసితిరి గనుక వీలులేదనిరి. మేము పదునెనిమిదేండ్లు బడిలో లెక్కలు చెప్పినవారము. కొలత చూడక వస్తువు కొంటిమని ఎవరితోను చెప్పుకొనలేకపోతిమి. ఆ గోపురమును సగము వెలకు ఎదురింటి అబ్బాయియే తీసికొనెను.

ఇక లాభము లేదని కోడలితో కలిసి కూర్చుంటిమి. మాటలు కలిసినది ఆనాడే. మొదట కొలత. కరెంటు తీసివేసి, పాత కూలరును విప్పి, మూత బిగించి, మూతకున్న జల్లెడరంధ్రము గుండ ఒక చీపురుపుల్లను ప్రాసెసరు ముఖమునకు మెల్లగా తగులునట్లు దించి, మూతవద్ద గోటితో గుర్తు పెట్టితిమి. తీసి స్కేలుపై పెట్టగా 55 మిల్లీమీటర్లు. కొబ్బరియీనె వంటి కొలబద్ద కోనసీమలో ప్రతి యింటనున్నది కదా! కూలరు ఎత్తు ఈ కొలతకు లోబడవలెను. సరిగా దానికి సమానముగ నుండరాదు. పంకా మూతజల్లెడకు మరీ దగ్గరైనచో గాలి నలిగి ఈలవేయును. మా పాత కూలరు 54 మిల్లీమీటర్లు. అది పిండిమర యగుటకు ఎండ యొక్కటే కారణము కాదని అప్పుడు తెలిసెను.

ఎత్తు తక్కువదైనను వేడిని బాగుగా లాగుట యెట్లు? పాలు త్వరగా చల్లారవలెనన్న మనమేమి చేయుదుము? గిన్నెలో నుంచక వెడల్పు పళ్లెములో పోయుదుము. గాలి తగులు చోటు పెరిగిన కొలది వేడి త్వరగా పోవును. కూలరున కుండు పలుచని రేకులు అందుకొఱకే. మన కొత్తపేట పరిసరముల ఆత్రేయపురములో పూతరేకులు పొరమీద పొర పేర్చినట్లు, అల్యూమినియపు రేకులను సందుసందున గాలి దూరునట్లు పేర్చుదురు. (ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఈ రేకులకు బెల్లము, నెయ్యి లేవన్నదే భేదము.)

కాని వేడి పుట్టునది క్రింద, రేకులుండునది పైన, ప్రక్కలను. అక్కడివరకు దానిని మోయువా రెవరు? రాగిగొట్టములు. వీనిని హీట్ పైపులందురు. అన్నము వండునపుడు మూత తీసి చూడుడు: అడుగున ఆవిరియైన నీరు పైకి పోయి, మూతకు తగిలి, చల్లబడి, బిందువులై మరల క్రిందికి జారును. అట్లు జారునపుడు ఆవిరి తాను తెచ్చిన వేడిని మూతకిచ్చి పోవును. హీట్ పైపులో నదియే జరుగును. గొట్టములోని గాలిని తీసివేసి, కొలదిగా నీరు పోసి, రెండువైపుల మూసివేయుదురు. గాలి లేదు గనుక నీరు తక్కువ వేడికే ఆవిరియగును. తిరిగివచ్చు నీటిని దీపపువత్తి నూనెను పీల్చినట్లు లోపలి వత్తివంటి పూత లాగుకొని వచ్చును. 1942లో అమెరికాలో జనరల్ మోటార్సువారి రిచర్డు గాగ్లరను నతడు ఈ యుపాయమునకు పేటెంటు కోరెను, 1944లో వచ్చినది. ఎవరును పట్టించుకొనలేదు. 1963లో లాస్ అలమాస్ పరిశోధనాలయమున జార్జి గ్రోవర్ దానిని స్వతంత్రముగా మరల కనుగొని, హీట్ పైపని పేరు పెట్టెను.

మా అత్తగారి ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికినది. నీళ్లున్నవి, అయితే లోపల ముద్రవేసియున్నవి! గదిలో పెట్టు నీళ్లకూలరు మన సీమలో ఉక్కపోతనే పెంచును. గాలిలో తేమ నిండియుండగా నీరు ఆవిరి కాజాలదు. అందుచేతనే వైశాఖమున మన కుండనీళ్లును రాయలసీమవారి కుండనీళ్లంత చల్లబడవు. గొట్టములోని నీటికి బయటి తేమతో సంబంధమే లేదు. ఇది తెలిసినపుడు మా మనసు కొంత కుదుటపడెను.

ఇక ఎన్నిక. నీటిగొట్టములు, పంపు గల పెద్ద ఏర్పాట్లు ఈ పెట్టెలో పట్టవు. మాకు వానిపై మోజును లేదు. 70 మిల్లీమీటర్ల నాక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ మంచి పేరున్నదే కాని మా కొలతకు మించినది. నిలిచినవి రెండు. ఒకటి అదే నాక్టువావారి ఎన్‌హెచ్-ఎల్9ఏ; 37 మిల్లీమీటర్ల యెత్తు, రెండు రాగిగొట్టములు. ఆస్ట్రియా దేశపు కంపెనీ. పంకా కాచురంగున నుండును. నెమ్మదితనమునకు పెట్టినది పేరు. రెండవది తైవానువారి థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47. 47 మిల్లీమీటర్లు, నాలుగు గొట్టములు. మొదటిదాని ముద్ర గుడ్లగూబ. ఆ బొమ్మ చూచి మా అత్తగారు, "ఇంటికి అదెందుకు తల్లీ!" అనిరి. ఉత్తరదేశమున అది లక్ష్మీవాహనమని మావారు సర్దిచెప్పబోయిరి. మేము మాత్రము వేరు కారణమున దానిని విడిచితిమి.

ఆ కారణము కొనువారందరు గమనింపవలసినది. ఏ కూలరును గాలికన్న చల్లగా చేయలేదు. గదిలో నెంత వేడియున్నదో, దానిపై ఇన్ని డిగ్రీలని మాత్రమే దాని శక్తి. పరీక్షలుచేసి వ్రాయువారు 22 డిగ్రీల చల్లనిగదిలో కూర్చుండి 75 వచ్చెనని వ్రాయుదురు. మా గదిలో నది 89. ఆ 14 డిగ్రీలను కలుపుకొని చూచినచో, 37 మిల్లీమీటర్ల కూలరు మాఘమాసమునకు చాలును, వైశాఖమునకు చాలదు. 47 మిల్లీమీటర్ల దానికి రేకులు ఎక్కువ, గొట్టములు రెట్టింపు, వెల తక్కువ. మూతకును పంకాకును నడుమ 8 మిల్లీమీటర్ల సందు మిగులును. పైగా తేలికైనది. రాజోలు బస్సు కుదుపులకు బరువైన కూలరు మదరుబోర్డును వంచుననియు, ప్రయాణమున అట్టివానిని విప్పివేయుట మేలనియు కోడలు చెప్పెను. దానినే తెప్పించితిమి.

బిగించునాడు మేము దీపము పట్టుకొంటిమి. ప్రాసెసరు ముఖము నునుపుగ కనబడినను కంటికి కానరాని గుంటలుండును. అందులో గాలి నిలిచినచో వేడి దాటదు. అందుకై బూడిదరంగు పేస్టును శనగగింజంత పెట్టవలెను. కూలరు అడుగున నంటించియుండు పలుచని ప్లాస్టికు పొరను మరువక తీయవలెను. మరలు నాలుగింటిని ఒక్కొక్కటిగ పూర్తిగా బిగింపక, ఎదురుమూలలుగ కొంచెము కొంచెము బిగించితిమి. పచ్చడిజాడీకి వాసెనగుడ్డ కట్టునపుడు నలువైపుల సమముగ లాగినట్లు.

బల్లమీద పెట్టి నడుపగా రెండు గంటల తరువాత 82 డిగ్రీలు. పంకాధ్వని ప్రక్కగదికి వినబడలేదు. మా సంతోషమునకు మేర లేదు. దానిని తెచ్చి యథాస్థానమున పెట్టి, సంస్థవారి బొమ్మను మొదలుపెట్టి పడుకొంటిమి. ఒంటిగంటకు మరల ఆ పిండిమర! లేచి చూడగా 93. కోడలు తలపట్టుకొన్నది. మరుసటిదినము సాయంత్రమే గడువు.

అప్పుడు మా అత్తగారు మంచముమీద లేచి కూర్చుండి, "దాన్ని గూట్లో ఎందుకు పెట్టారే? గూట్లో దీపం పెడితే పైన మసెలా పట్టిందో చూడలేదూ?" అనిరి.

నిజమే. దాని యథాస్థానము గోడగూడు. పూర్వము మా అత్తగారు సంధ్యాదీపము పెట్టిన గూడు. దాని పైయంచు నేటికిని నల్లగనే యున్నది. పిల్ల చేయి తగులకుండునని మేమే అక్కడ పెట్టించితిమి. మూడువైపుల గోడ, వేడిగాలి పైకి లేచి, పోవుటకు దారిలేక, అదే గాలిని పంకా మరల పీల్చుకొనుచున్నది! ఇన్నాళ్లు ఎంత మంచి కూలరును వేసినను అది తన ఉమ్మిని తాను త్రాగినట్లే యైనది. మండువా లోగిలిలో పుట్టి పెరిగినవారికి, గాలికి రాకయు పోకయు రెండును కావలెనన్న సంగతి పుస్తకములు చెప్పనక్కరలేదు. మేము వెలలును, కొలతలును చూచితిమి, గూటిని చూడలేదు.

అప్పటికప్పుడు కిటికీప్రక్కన ఎత్తుపీట వేసి దానిమీదికి మార్చితిమి. అరగంటలో 83కు దిగెను. తెల్లవారుజామున బొమ్మ పూర్తియయ్యెను. మధ్యాహ్నమునకు పంపివేసితిమి.

తరువాత కోడలు మరి రెండు పనులు చేసెను. పంకాచుట్టు మూతవరకు, మిగిలిన 8 మిల్లీమీటర్ల సందును మెత్తని స్పాంజి పట్టీతో చుట్టెను. ఇందుచే పంకా బయటి గాలినే తీసికొనును, పెట్టెలోపలి వేడిగాలిని కాదు. ఇది మూడు నాలుగు డిగ్రీల లాభము. రెండవది ఖర్చులేనిది. ఈ ప్రాసెసరును 65 వాట్లనుండి 45 వాట్లకు తగ్గించి నడుపుకొను వీలు తయారుచేసినవారే కల్పించిరి. అట్లు మార్చగా ఐదు గంటల పని ఐదున్నర గంటలు పట్టుచున్నది. వేడి మాత్రము 70 దాటుట లేదు. ఈ సంగతి ముందు తెలిసియున్నచో కూలరే కొనకపోదుమా యని మావారు ఎగతాళి చేసిరి. కొనియుందుము. పాత దిమ్మకు ఆ జల్లెడక్రింద ఊపిరాడదు.

కొబ్బరి వలిచి పీచు తీయు దినములలో దాని నుసి ఎంతదూరమైనను వచ్చి రేకుల సందులలో చేరుచున్నది. వానకాలమున చీమలు వెచ్చదనమునకు పెట్టెలో కాపురము పెట్టబోవుచున్నవి. నెలకొకమారు కరెంటు తీసివేసి, పంకా తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో మేమే దులుపుచున్నాము. ఆ పని కోడలు మాకే యప్పగించినది. సముద్రపుగాలి ఉప్పునకు మరలు త్రుప్పు పట్టకుండ అప్పుడప్పుడు చూచుకొనవలసియున్నది.

సంస్థవారు పని కొనసాగించిరి. కోడలు నిన్న రాజోలునుండి తిరిగివచ్చినది. ఈ రాత్రియు కిటికీప్రక్కన పీటమీద చిన్న దీపము వెలుగుచున్నది. మా అత్తగారు మాత్రము గంటకొకమారు మెలకువ వచ్చి, చప్పుడేమియు వినబడక, "అమ్మాయ్, అది నడుస్తోందా, ఆగిపోయిందా?" అని అడుగుచున్నారు. "నడుస్తోంది మామ్మగారూ, పడుకోండి" అని కోడలు జవాబు చెప్పుచున్నది.